మైనస్ ఎనిమిది శాతం భయం

మా చీడివలస ప్రాథమిక పాఠశాలలో లెక్కల భయం ఎంత ఉందో కచ్చితంగా తెలిసింది జూన్ ఇరవై మూడో తేదీన. అంతకు ముందు కూడా భయం ఉండేది గానీ, కొలిచిన నాథుడు లేడు. పిల్లలు లెక్కల పీరియడ్‌లో కడుపు నొప్పి అనేవారు, మేము మంచినీళ్లు తాగి రమ్మనేవాళ్లం, అంతటితో సరిపోయేది. ఎంత వెనకబడి ఉన్నామో చూడండి.

ఆ వెనకబాటు గమనించి పైవారు 'అభయ గణిత మిషన్' పెట్టారు. సర్క్యులర్ పదకొండు పేజీలు. "బాలబాలికలయందు గణితము పట్ల గల భీతిని శాస్త్రీయముగా కొలిచి, నెలకు పన్నెండు శాతము చొప్పున తగ్గించవలెను. తగ్గించని ప్రధానోపాధ్యాయులపై తగు చర్యలు తీసుకొనబడును" అని అందులో ఉంది. ఆ చివరి వాక్యం చదవగానే ప్రధానోపాధ్యాయుడినైన నాకు లెక్కలంటే తొలిసారి భయం వేసింది. కానీ పెద్దవాళ్ల భయానికి ఫారంలో గడి లేదు.

కొలిచే పద్ధతి మాత్రం ముచ్చటైనది. వరండాలో నేల మీద సున్నా నుంచి పది దాకా మెట్లు గీయాలి. వంటశాల గోడకు ఆనుకుని సున్నా, ఇటు చివర పది. లెక్కల పీరియడ్‌కు ముందు ప్రతి పిల్లా తన భయం ఎంతో ఆ మెట్టు మీద నిలబడాలి. పీరియడ్ అయ్యాక మళ్లీ నిలబడాలి. నిలబడ్డప్పుడు ఒక్కొక్కరిలో తొమ్మిది లక్షణాలు చూసి రాసుకోవాలి: నుదురు తుడుచుకొనుట, నీళ్లడుగుట, పక్కవారి వంక చూచుట, బయటకు పోవుటకు అనుమతి కోరుట, ఇలాంటివి. నలభై ఏడు మంది పిల్లలు. ముందొక ఇరవై నిమిషాలు, వెనకొక ఇరవై నిమిషాలు. పీరియడ్ నలభై అయిదు నిమిషాలు గనక మిగిలిన అయిదు నిమిషాల్లో లెక్కలు చెప్పుకోవచ్చు. ఆ అయిదు నిమిషాలూ దీర్ఘశ్వాసకు కేటాయిస్తూ జూలైలో ఇంకో సర్క్యులర్ వచ్చింది.

మొదటి రోజున నాలుగో తరగతి ఝాన్సీ పదో మెట్టు దాటి, వరండా దిగి, కుళాయి దాటి, గేటు దగ్గరికి వెళ్లి నిలబడింది.

"అమ్మాయ్, మెట్లు ఇక్కడే అయిపోయాయి, ఇటు రా!" అన్నాను.

"నాది ఇక్కడిదాకా ఉందండి" అంది.

ఫోనులో ప్రభుత్వం వారిచ్చిన యాప్ పదికి మించి ఒప్పుకోదు. పది అని కొట్టాను. కొట్టి, గేటు వంక చూడకుండా ఫోను జేబులో పెట్టేశాను. ఎందుకంటారా? దాచడం దేనికి, ఆ పిల్లకి ఆ భయం పెట్టింది నేనే. కిందటేడు యాభై రెండులోంచి పదిహేడు తీసెయ్యమని బోర్డు దగ్గరికి పిలిచాను. ఏడులోంచి రెండు తీసి అయిదు వేసింది, అయిదులోంచి ఒకటి తీసి నాలుగు వేసింది. నలభై అయిదు. "బుర్ర ఇంట్లో పెట్టొచ్చావా?" అని ఒక్క కేక వేశాను. తరగతంతా గొల్లుమంది. ఆ రోజు మొదలు తీసివేత అన్న మాట వినబడితే చాలు, ఆ పిల్ల పొట్ట పట్టుకునేది. నాకు ముక్కు మీద కోపం. అది తగ్గించమని సర్క్యులర్ ఎవరూ పంపలేదు.

ఝాన్సీ సంగతి ఇంకొంచెం చెప్పాలి. వాళ్లమ్మ పైడమ్మ ఏటా కార్తీకం దాటగానే ఇటుక బట్టీకి పోతుంది. పెద్ద కూతురు గురుకులంలో ఆరో తరగతి. చిన్నదాన్ని ఇన్నాళ్లూ మామ్మ చూసుకుంది. ఆ ముసలామె కిందటి వేసవిలో పోయింది. ఆ ఏడాదికి పైడమ్మ బట్టీ మానేసి, ఊళ్లోనే దొరికిన కూలి చేసుకుంటూ ఉండిపోయింది.

జూలై మొదట్లో బడికొచ్చి నాతో అంది: "బాబూ, ఈ ఒక్క యేడే నానిక్కడ ఉండగల్ను. ఏప్రిల్లో గుంట గురుకులం పరీచ్చ రాస్తాది. సీటొస్తే అక్కా సెల్లీ ఒక్కదగ్గిరుంటారు. రాకపోతే మరి నాతోటే బట్టీకి తీసుకెల్లిపోతాను. ఒక్క గుంటని ఇంటికాడ ఎలాగ ఒగ్గీమంటావు?"

"వస్తుందమ్మా సీటు" అన్నాను. తెలుగులో ఝాన్సీకి తిరుగులేదు. లెక్కలు, అందులోనూ తీసివేతలు, అక్కడే గండం.

ఇక మిషన్ ఊపందుకుంది. దీర్ఘశ్వాసల సందున ఏ పాఠం చెబితే పిల్లలు ఏ మెట్టు ఎక్కుతున్నారో పైవారు యాప్‌లో చూసి నిర్ణయాలు తీసుకునేవారు. ఆగస్టులో భాగహారం పోయింది, పిల్లల మనసులో విడిపోవు భావన కలిగిస్తోందట. సెప్టెంబరులో తీసివేత వంతు వచ్చింది. "తీసివేత అను పదము కోల్పోవు భావనను కలిగించుచున్నందున, ఇకపై దానిని 'వీడ్కోలు' అని వ్యవహరించవలెను." సరేనని చెప్పాను: యాభై రెండు పదిహేడుకు వీడ్కోలు చెప్పింది, ఎంత మిగిలింది? రెండో తరగతి వాళ్లలో నలుగురు ఏడ్చారు. పదిహేడు ఎక్కడికి వెళ్లింది, మళ్లీ ఎప్పుడొస్తుంది అని ఒకటే గొడవ. భయసూచిక పెరిగింది. అక్టోబరులో వీడ్కోలుకు కూడా వీడ్కోలు చెప్పారు. సంక్రాంతి సెలవుల నాటికి మా బడిలో మిగిలింది ఒకటి నుంచి ఇరవై దాకా పాట. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదిగో అది.

భయం మాత్రం తగ్గింది. తగ్గక చస్తుందా? చెప్పని లెక్కకు భయపడేంత వెర్రివాళ్లు కారు మా పిల్లలు. పైగా యాప్‌లో ఏ నెలకు ఎంత తగ్గాలో ముందే అచ్చువేసి ఉంది. జూలైకి పన్నెండు, ఆగస్టుకు ఇరవై నాలుగు, సెప్టెంబరుకు ముప్పై ఆరు. వేరే అంకె కొడితే ఎర్రబడి ఊరుకుంటుంది. నెలాఖరున ఆ అంకె కొట్టడం, పచ్చటి టిక్కు చూసి నిట్టూర్చడం. రాష్ట్రం మొత్తం మీద ఆ ఏడాది తీసివేత చేసినది మా శాఖ ఒక్కటేనని నా నమ్మకం.

మరి ఝాన్సీ? అక్టోబరు నుంచే తీసివేత లేని బడిలో తీసివేత రాని పిల్లకి ఏం చెప్పను? చెబితే యాప్ ఎర్రబడుతుంది, చెప్పకపోతే పిల్ల బట్టీకి పోతుంది. నాలుగు రోజులు అన్నం సయించలేదు. చివరికి మా వంట ఆయా అప్పయ్యమ్మ పుణ్యమా అని దారి దొరికింది. ఆవిడ ఏ కాగితం మీదా లెక్క వేయదు. ఏ రోజు ఎంతమంది వచ్చారో అడిగి గుడ్లు ఉడకేస్తుంది, మిగిలినవి మర్నాటికి దాస్తుంది. వంటశాల మిషన్ పరిధిలోకి రాదు, అది భోజన పథకం వారిది. లెక్కల పీరియడ్ రాగానే "ఝాన్సీ, ఇవాళ ఎంతమంది వచ్చారో అప్పయ్యమ్మకు చెప్పి రా" అని పంపేవాణ్ణి. పంపి, కిటికీ పక్కన నిలబడేవాణ్ణి.

"ఏటే గుంటా, ఎంతమందొచ్చినారు?"

"నలబై రెండు, పెద్దమ్మా."

"రెండు ట్రేలున్నాయి. ట్రేకి ముప్పై. ఎన్ని మిగుల్తాయో సూసి సెప్పు, నాను పప్పు కలుపుకుంటాను."

ఝాన్సీ మొదట్లో బిక్కమొహం వేసుకుని నిలబడేది. అప్పయ్యమ్మ తిట్టదు, నవ్వదు, అసలు ఆ పిల్ల వంక చూడదు. పప్పులో గరిటె తిప్పుకుంటూనే ఉంటుంది. కాసేపటికి ఝాన్సీ గుడ్ల మీద వేలు పెట్టి గొణుక్కునేది. "ఒక ట్రే అయిపోద్ది. ఇంకా పన్నెండు కావాల. రెండో దాంట్లోంచి తీస్తే... పద్దెనిమిది."

"నిజమేటి?"

"ఏమో."

"ఏమో అంటే ఎలాగ? మల్లీ ఒకపాలి సూడు. తప్పయితే ఏటవుద్ది, గుడ్డు కోడయిపోద్దేటి?"

ముప్పై ఏళ్ల సర్వీసు నాది. రెండు ట్రైనింగులు, ఆరు వర్క్‌షాపులు. ఆ కిటికీ దగ్గర సిగ్గుతో నా తల వంగిపోయింది.

డిసెంబరుకల్లా ఝాన్సీ వంద గుడ్ల దాకా ఇట్టే చెప్పేది. జనవరిలో కాగితం మీద రాయడం మొదలెట్టింది. ఫిబ్రవరి నాటికి మా బడిలో భయం తొంభై ఆరు శాతం తగ్గింది. మార్చి నెలాఖరున యాప్ తెరిచాను. నూట ఎనిమిది శాతం తగ్గినట్టు కొట్టమంది. మిగిలిన భయం గడిలో దానంతట అదే మైనస్ ఎనిమిది అని పడింది.

మండల విద్యాధికారి విశ్వనాథం గారికి ఫోను చేశాను. "సార్, వందకు మించి ఎలా తగ్గుతుందండీ?"

"మాస్టారూ, మీకు మిషన్ స్ఫూర్తి బోధపడలేదు" అన్నారాయన. "సున్నా వస్తే భయం లేదని అర్థం. మైనస్ వస్తే ధైర్యం. అది అదనపు ఫలితం. మన మండలానికి 'అభయ మండలం' షీల్డు ఖాయం. ఏప్రిల్ ఇరవైన ప్రదానం."

"మరి లెక్క ప్రకారం..."

"లెక్కల సంగతి ఇప్పుడెందుకండీ?" అని విసుక్కున్నారు.

ఆ వెంటనే ఆ ఏడాదికల్లా గొప్ప సర్క్యులర్ వచ్చింది. "షీల్డు ప్రదానము పూర్తియగు వరకు, భయము పునరుద్భవించు అవకాశమున్న ఏ పోటీ పరీక్షకును బాలబాలికలను పంపరాదు." గురుకులం పరీక్ష ఏప్రిల్ పన్నెండున. పరీక్షకు వెళ్లాలంటే నా ధ్రువపత్రం మీద మండలాఫీసు ముద్ర పడాలి. పత్రం రాసి పట్టుకెళ్లాను. విశ్వనాథం గారు ముద్రను సొరుగులో పెట్టి తాళం వేశారు.

"సార్, ఒక్క పిల్లండీ. ఆ పరీక్ష మీదే దాని బతుకుంది."

"మైనస్ ఎనిమిదిలో ఉన్న పిల్లని పరీక్షకు పంపితే ప్లస్సులోకొస్తుందండీ! మండలం సగటు ఏం కావాలి? మీరే చెప్పండి, ఒక పిల్ల ముఖ్యమా, షీల్డు ముఖ్యమా?"

పైడమ్మకు ఆ మాట ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పాను. ఆమె అరవలేదు, ఏడవలేదు. "పరీచ్చ రాయకండానే పోనాదా బాబూ సీటు?" అంది. అంతే. ఆ రాత్రి నాకు కునుకు పడితే ఒట్టు.

ఏప్రిల్ నాలుగున విద్యాశాఖ సంయుక్త సంచాలకులు షీల్డుకు ముందు తనిఖీకి వస్తున్నారని కబురు. విశ్వనాథం గారు ఉదయం ఏడింటికే దిగారు. వరండాలో మెట్లు చూశారు.

"పిల్లలంతా మైనస్ ఎనిమిది శాతంలో నిలబడాలి మాస్టారూ."

"మైనస్ ఎక్కడుంది సార్? సున్నా గోడకు ఆనుకుని ఉంది."

ఆయన గోడ వంక చూశారు. "గోడ అవతల ఏముంది?"

"వంటశాల."

"అయితే అక్కడ నిలబెట్టండి" అన్నారు. తప్పు పట్టడానికి లేదు. సున్నాకు అవతల ఉండేది మైనసే కదా.

నలభై ఏడు మందీ వంటశాలలోకి వెళ్లారు. పది గంటలకు సంయుక్త సంచాలకులు కారు దిగారు. తెల్లటి చొక్కా, మెత్తటి గొంతు. ఖాళీ వరండా, ఖాళీ తరగతి గదులు చూసి చేతులు జోడించారు. "ఈ ప్రశాంతత గమనించారా? గణిత భీతి లేశమాత్రమైనా గోచరించడం లేదు. పాఠశాల అంటే ఇలా ఉండాలి."

"పిల్లలు మైనస్‌లో ఉన్నారండి" అన్నారు విశ్వనాథం గారు గర్వంగా, గోడ చూపిస్తూ.

"దర్శిద్దాం" అన్నారు సంచాలకులు.

వంటశాలలో పిల్లలు ఇరుక్కుని నిలబడ్డారు. అప్పయ్యమ్మ పొయ్యి దగ్గర ఉంది. ఆమె పక్కన ఝాన్సీ గుడ్ల ట్రేలు చూస్తూ "నలబై ఏడు పోతే పదమూడు" అంటోంది. సంచాలకులు వంగి ఆ పిల్ల బుగ్గ నిమిరారు.

"పాపా, మీ బడిలో లెక్కలంటే భయం నూట ఎనిమిది శాతం తగ్గిపోయింది తెలుసా? వందకు నూట ఎనిమిది! సంతోషమేనా?"

ఝాన్సీ ఆయన్ని చూసింది. తర్వాత ట్రేలను చూసింది. మెల్లిగా అడిగింది. "నూరు గుడ్లుంటే నూటెనిమిది ఎలాగ తీసినారండి?"

పప్పు కుతకుత ఒక్కటే వినబడుతోంది. సంచాలకులు నుదురు తుడుచుకున్నారు. విశ్వనాథం గారి వంక చూశారు. విశ్వనాథం గారు నా వంక చూశారు. నేను పప్పు వంక చూశాను.

"మంచినీళ్లు ఉన్నాయా?" అన్నారు సంచాలకులు. తాగి, "ఇక్కడ బాత్‌రూమ్ ఎటువైపు?" అన్నారు. నా జేబులో ఫారం ఉంది. తొమ్మిది లక్షణాల్లో నాలుగు అప్పటికే పూర్తయ్యాయి. ఆయన అటు వెళుతూ వరండాలో తొమ్మిదో మెట్టు మీద ఒక్క క్షణం ఆగారు, అది ఆయనకు తెలియదు.

ఝాన్సీ బిక్కమొహం వేసుకుని నా దగ్గరికొచ్చింది. "తప్పడిగినానా మాస్టారూ?"

"లేదమ్మా. ఈ ఏడాది మొత్తం మీద మన బడిలో ఎవరైనా అడిగిన మంచి లెక్క అదే" అన్నాను.

కారు దగ్గర పెద్దలిద్దరూ చాలాసేపు మంతనాలు చేశారు. నన్ను పిలిచారు. సంచాలకులు ఎటో చూస్తూ చెబుతుంటే విశ్వనాథం గారు రాసుకున్నారు. "సదరు బాలిక సన్నిధిలో పరిసర వయోజనులకు గణిత భీతి సంక్రమించుచున్నట్లు తనిఖీలో వెల్లడైనది. కావున సదరు బాలికను శాశ్వతముగా అభయ గణిత మిషన్ పరిధి నుండి తప్పించు మార్గమును అన్వేషించవలెను." విశ్వనాథం గారు తల ఎత్తి నన్నడిగారు. "మార్గం ఏదైనా ఉందా?"

చేతులు కట్టుకున్నాను. "గురుకులం ఉందండి. అది వేరే శాఖ."

"వేరే శాఖా?" ఆయన మొహం చంద్రబింబంలా వెలిగింది.

"కాకపోతే దానికి పరీక్ష రాయాలండి. భయం పునరుద్భవిస్తుందేమోనని..."

"రాయనివ్వండి మహాప్రభో!" అన్నారు విశ్వనాథం గారు. "ఆ భయం వాళ్ల శాఖ ఖాతాలోకి పోతుంది. మనకేం?" సొరుగు తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. మధ్యాహ్నం మూడు గంటలకల్లా ముద్ర పడింది.

ఏప్రిల్ ఇరవైన మా మండలానికి షీల్డు వచ్చింది. ఝాన్సీకి సీటు రెండో జాబితాలో, మే నెలాఖరుకు వచ్చింది. ఈ రెండూ ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నాకు చెప్పాలని ఉన్నది పన్నెండో తేదీ సంగతి.

పరీక్షా కేంద్రం గేటు బయట నేనూ పైడమ్మా నిలబడ్డాం. ఎండ మండిపోతోంది. పన్నెండున్నరకు పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చారు. అందరికన్నా ఆఖరున ఝాన్సీ. మొహం వాడిపోయి ఉంది. పైడమ్మ పరుగెత్తి చెంగుతో మొహం తుడిచింది. "బయమేసినాదేటే?"

"ఏసినాది. కడుపులో నొప్పి కూడా వొచ్చింది."

"మరేటి సేసినావు?"

"రాసినాను."

నా దగ్గరికొచ్చి ఒక గజం దూరంలో ఆగింది. "మాస్టారూ, ఒకటి తప్పోనాదండి. నాలుగొందల మూడులోంచి నూటయాబై ఎనిమిది తీసీమన్నాడు. మద్దిన సున్నా ఉంది. దాని దగ్గిర ఏటీ నేదు కదా, మరెవర్ని అప్పడగాలో తెలీక ఏదో ఏసీసినాను." నా మొహంలోకి చూసింది. "కోప్పడతారా?"

ఏడాదిన్నర నుంచి ఆ పిల్ల మోస్తున్న బరువు ఎంతో ఆ ఒక్క ప్రశ్నలో తెలిసింది. మెట్ల మీద కొలిచిందంతా దండగ. "కోప్పడను తల్లీ. అప్పుడు కోప్పడ్డానే, అది నా తప్పు" అన్నాను. "రా, ఎక్కడ ఆగిపోయావో చూపించు."

ప్రహరీ నీడలో ముగ్గురం కూర్చున్నాం. ఝాన్సీ పుల్ల తీసుకుని మట్టిలో అంకెలు వేసింది. సున్నా దగ్గర ఆగింది. చెప్పేద్దామని నాలుక దురద పెట్టింది. పళ్లు బిగపట్టి ఊరుకున్నాను. మా ఊరి బస్సు వచ్చింది, కండక్టరు కేకేశాడు, పైడమ్మ లేవబోయింది. వద్దమ్మా, ఇంకోటి వస్తుందిలే అన్నాను. బస్సు వెళ్లిపోయింది.

ఝాన్సీ చాలాసేపు ఆ సున్నా వంకే చూసింది. తర్వాత పుల్ల మెల్లిగా ఎడమవైపుకు జరిపి, నాలుగు మీద పెట్టింది.

"దీన్ని అడగాల కదండీ?" అంది.